చిట్టి పేర వచ్చిన ఉత్తరాలు

నేను లిఫ్టు మెకానిక్కుని. పొద్దున ఆరింటికి పనిలోకెళ్తే మధ్యాహ్నం మూడింటికల్లా ఇంట్లో ఉంటాను. స్నానం చేసి, ముందుగదిలో టీవీ ఎదురుగా చాప పరుచుకుని, మా ఆవిడ కుట్టుమిషను కట్టేసేదాకా వీడియో గేములు ఆడతాను. యాభై రెండేళ్ళవాడు పదిమందిలో చెప్పుకునే సంగతి కాదని నాకూ తెలుసు. తల నెరిసినా బొమ్మలాట వదల్లేదని మా బావమరిది వెక్కిరిస్తాడు. మా ఆవిడైతే ఆ కంట్రోలరుని తన సవతి అంటుంది. సవతి మీద దుమ్ము పడితే తనే తుడుస్తుంది కూడా.

నేనాడేవి కాల్చుకోవడాలూ నరుక్కోవడాలూ కావు. రోజంతా మోటారు గదుల్లో హోరు విని వచ్చినవాడికి మళ్ళీ ఇంట్లో ఆ గోల దేనికి? తోటలు పెంచే ఆటలు, చేపలు పట్టే ఆటలు, ఊరికే ఊళ్ళో తిరిగి నలుగురినీ పలకరించే ఆటలు నావి. ఆటలో చెయ్యి జారితే మళ్ళీ మొదలుపెట్టొచ్చు. నా పనిలో చెయ్యి జారితే అంతే సంగతులు. బహుశా అందుకే నాకీ పిచ్చి పట్టిందేమో.

మా పేటలో రేడియోలూ టీవీలూ బాగుచేసే ముసలాయన ఒకాయన ఉన్నాడు. పాత గేము యంత్రాలు ఆయన దగ్గరికి వస్తుంటాయి. కొత్తవాటి కంటే నాకు అవే ఇష్టం. వాటిలో ముందు ఆడినవాళ్ళ గుర్తులుంటాయి. అద్దెకు దిగిన ఇంట్లో గోడకి పాత మేకులున్నట్టు, ఎవరో సగం దున్ని వదిలేసిన పొలమో, ఎవరో దాటలేక చేతులెత్తేసిన వంతెనో కనిపిస్తుంది. కాసేపు చూసి నవ్వుకుని, చెరిపేసి, నా ఆట మొదలుపెట్టుకుంటాను. ఎప్పుడూ అంతే. కిందటేడు వానాకాలం ముందు తెచ్చిన యంత్రం దగ్గర మాత్రం అలా జరగలేదు.

ఆ యంత్రంలో ఒకటే ఆట ఉంది. చిన్న ఊరు, దాని చుట్టూ ఏరు. ఊళ్ళో ఉండేవన్నీ జంతువులు, మనుషుల్లాగే బట్టలేసుకుని తిరుగుతుంటాయి. ఎలుగుబంటిది కొట్టు, మేకది పోస్టాఫీసు, చుక్కల కోడికి ఊరందరి సంగతులూ కావాలి. ఆడేవాళ్ళు ఆ ఊళ్ళో ఇల్లు కట్టుకుని ఉండాలి. మీటనొక్కగానే తెర మీద రెండు మొహాలు వచ్చాయి. ఒకదాని కింద చిన్నత్త అనీ, ఇంకోదాని కింద చిట్టి అనీ రాసి ఉంది. మూడో చోటు ఖాళీ.

చెరిపేద్దామనే అనుకున్నాను. ఈ ఊళ్ళో ఇద్దరు కాపురముంటున్నారు, నిజంగా చెరిపేయమంటావా అని ఇంగ్లీషులో అడిగింది యంత్రం. ప్రతి ఆటా అడిగేదే. కానీ నాకది కాపురమని తోచగానే వేలు ఆగింది. ఖాళీ చోట్లో కొత్తవాడిగా దిగాను. పేరడిగితే "లిఫ్టు" అని పెట్టుకున్నాను.

దిగేసరికి ఊరంతా మోకాలెత్తు కలుపు. చుక్కల కోడి పరుగెత్తుకొచ్చి, కొత్తగా వచ్చావా, దారిలో చిన్నత్త కనపడిందా, ఆవిడ వచ్చి పద్నాలుగు నెలలైంది, ఒంట్లో బాగుందో లేదో అంది. అది యంత్రం లెక్క. ఎవరు ఎన్నాళ్ళు రాకపోయినా అలాగే అడుగుతుంది. నాకు తెలిసినా, ఆ పూట దానికి ఏ జవాబూ నొక్కకుండా కలుపు పీకడం మొదలుపెట్టాను.

ఏటి ఒడ్డున పక్కపక్కనే రెండు ఇళ్ళున్నాయి. చిన్నత్త ఇంటి ముందు పూలకుండీలు వరసగా ఉన్నాయి. చిట్టి ఇంటి ముందు ఉత్తరాల పెట్టె మీద ఎర్ర దీపం వెలిగి ఆరుతోంది. ఉత్తరాలు వచ్చి ఉన్నాయి, తీయలేదని అర్థం. పరాయివాణ్ణి కాబట్టి నాకా పెట్టె తెరుచుకోదు. నెలరోజులపాటు రోజూ సాయంత్రం కలుపు పీకాను, చేపలు పట్టాను, ఎలుగుబంటి కొట్లో బల్లా కుర్చీ కొన్నాను. ఏ వైపు వెళ్ళినా కంటి కొసకి ఆ దీపమే తగులుతోంది. పనిలో కూడా లిఫ్టు తలుపు మీద ఎర్ర అంకె వెలిగితే అదే గుర్తొచ్చేది.

ఒకరోజు ఉండబట్టలేక చిట్టి మొహం మీద నొక్కాను.

ఇంటి తలుపు తీసి బయటికి రావడం ఆలస్యం, కోడి గెంతుకుంటూ వచ్చేసింది. "చిట్టీ! ఎన్నాళ్ళకి వచ్చావే!" అంటూ చుట్టూ తిరిగింది. ఎలుగుబంటి కొట్టు వదిలి వచ్చాడు. నన్ను, లిఫ్టుగాణ్ణి, నెలరోజుల్లో ఎవరూ అంత ప్రేమగా పలకరించలేదు. వేరేవాళ్ళ చొక్కా వేసుకుని వాళ్ళ పెళ్ళివిందులో కూర్చున్నట్టు అనిపించింది. ఆగిపోవాల్సింది. ఆగలేదు.

పెట్టెలో పది ఉత్తరాలున్నాయి. అన్నీ చిన్నత్త రాసినవే, పది రోజుల్లో పది. ఆ ఆటలో మన అక్షరాలు లేవు. ఆవిడ మన మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కూర్చి రాసింది. అలాంటి రాత కళ్ళతో చదివితే బుర్రకెక్కదు. కూడబలుక్కుని పైకి చదివితేనే మాట అవుతుంది. అందుకని ఆ ఉత్తరాలు మొదటిసారి నా గొంతులోనే వినాల్సి వచ్చింది.

"చిట్టీ, నువ్వు నాటిన చెట్టుకి మూడు పండ్లు కాశాయి. ఒకటి నేను కోసుకున్నాను. రెండు నీకు. రాగానే కోసుకో."

రెండోది: "కోడి నీ గురించి అడిగింది. ఊరెళ్ళిందని చెప్పాను. ఇంకేం చెప్పను?"

మూడోది: "మీ నాన్న వచ్చి నీ పుస్తకాలు, బట్టలు తీసుకెళ్ళాడు. నేను అడ్డు చెప్పలేదు. నీ కళ్ళజోడు, దువ్వెన మాత్రం నా దగ్గరే ఉన్నాయి. తను అడగలేదు, నేనూ చెప్పలేదు. దువ్వెనలో నీ వెంట్రుకలున్నాయి."

లోపల కుట్టుమిషను ఆగింది. ఎవరితో మాట్లాడుతున్నారని మా ఆవిడ అడిగింది. ఎవరితోనూ కాదన్నాను. అక్కడితో ఆపేసి ఉంటే ఈ కథ లేదు. నాలుగోది తెరిచాను.

"ఇవాళ మన లిఫ్టు ఆరో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. నలభై నిమిషాలు నేనొక్కదాన్నే. ఎవరూ ఏమీ అడగలేదు, ఓదార్చలేదు. హాయిగా ఉందే. నువ్వూ ఇలాగే ఎక్కడో అంతస్తుల మధ్య ఆగి ఉంటావనిపించింది. తలుపు తీసినవాడి చెవి మీద పెన్సిలుంది, నోట్లో కూనిరాగం. నీ దగ్గరికి కూడా అలాంటివాడు ఎవరైనా వస్తాడేమో."

నా చెయ్యి దానంతటదే చెవి మీదికి వెళ్ళింది. పెన్సిలు అక్కడే ఉంది.

నాకావిడ గుర్తుంది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు తలుపు తీయగానే తిడతారు, లేకపోతే ఏడుస్తారు. కొందరు నన్ను తోసేసి పరుగెడతారు. ఆవిడ మాత్రం నేల మీద గోడకి ఆనుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. తల పైకెత్తి, "అప్పుడే వచ్చేశారా?" అంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ మాట ఇంకెవరూ అనలేదు. నా పాత లాగ్‌బుక్కు తీసి చూస్తే ఉత్తరం మీది తేదీతో సరిపోయింది, ఇరుక్కున్నది ఏడో అంతస్తు ఆవిడని కూడా రాసుకున్నాను. రేడియో ముసలాయన దుకాణానికి రెండు వీధుల అవతలి భవనం. ఇప్పటికీ నెలకోసారి వెళ్తూనే ఉన్నాను.

ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆవిడకి అంతా చెప్పాను. ఎవరో పొరపాటున అమ్మేసుంటారు, తిరిగి ఇచ్చేయాలన్నాను. ఆవిడ నా కంచంలో చారు పోసింది. "అమ్మినవాళ్ళు తెలిసే అమ్ముంటారు. మీరు పోయి పుండు కెలక్కండి," అంది. అప్పటికే చిట్టి పేరుతో తలుపు తీసి వచ్చినవాణ్ణి, మంచిమాట చెవికెక్కుతుందా?

సెలవు రోజు చూసుకుని, యంత్రాన్ని సంచిలో పెట్టుకుని, ఏడో అంతస్తుకి మెట్లెక్కే వెళ్ళాను. ఎందుకో లిఫ్టు ఎక్కబుద్ధి కాలేదు.

తలుపు తీసినావిడకి నలభై ఐదుంటాయి. చేతుల నిండా సన్నటి గాట్లు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆవిడది. నన్ను గుర్తుపట్టి, లిఫ్టు మళ్ళీ చెడిందా, నేనేం ఫిర్యాదు చేయలేదే అంది. నేను సంచీ తెరిచి చూపించాను. ఆవిడ సంచీలోకి చూసింది, నా మొహంలోకి చూసింది, లోపలికి రమ్మంది.

"అది పొరపాటున పోలేదండీ. నేనే అమ్మాను," అంది కూర్చున్నాక.

ఒక్కొక్కటిగా చెప్పింది. చిట్టి ఆవిడ అన్న కూతురు. వాళ్ళ ఊళ్ళో పై చదువు లేదని ఇక్కడ అత్త దగ్గర పెట్టారు. రెండేళ్ళుంది. ఆవిడ దుకాణం నుంచీ, పిల్ల కాలేజీ నుంచీ వచ్చాక సాయంత్రం గంటసేపు ఇద్దరూ ఆ ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళు. ఆట అని ఎప్పుడూ అనలేదట. "పద అత్తా, ఊరెళ్దాం" అనేదట. మొదట్లో ఆవిడ ఏట్లో పడిపోతుంటే పిల్ల పడీ పడీ నవ్వేది. తర్వాత మెదడుకి జ్వరం వచ్చింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. అంతే.

"అప్పట్నుంచి రోజుకో ఉత్తరం రాశాను. పదకొండోది రాసి పోస్టాఫీసుకి తీసుకెళ్తే, మేక ఏమందో తెలుసా? చిట్టి పెట్టె నిండిపోయింది, ముందు ఉన్నవి చదవమని చెప్పండి అంది. మర్యాదగానే అంది. మర్నాడే తీసుకెళ్ళి అమ్మేశాను."

తెచ్చినందుకు క్షమించమన్నాను, తీసుకెళ్ళిపోతానన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఎలాగూ వచ్చింది కదా, ఒకసారి పెట్టండి, చూస్తాను అంది. ఆ టీవీకి వైర్లు బిగిస్తున్నంతసేపూ నాలుక చివరి దాకా వచ్చింది, ఉత్తరాలు తెరిచానని చెప్పేద్దామని. చెప్పలేదు. నాలుగే కదా, ఆవిడకేం తెలుస్తుందిలే అనుకున్నాను.

ఆవిడ చిన్నత్తగా ఊళ్ళోకి దిగింది. కోడి వచ్చింది, ఎలుగుబంటి వచ్చాడు. అందరికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. కలుపు ఎవరు పీకారని అడిగితే నేనేనన్నాను. మంచి పని చేశారంది. వేళ్ళు ఏమీ మరిచిపోలేదు, ఏటి మీద వంతెన తిన్నగా దాటింది. అక్కణ్ణుంచి నేరుగా పోస్టాఫీసుకి వెళ్ళింది. మేక ఒక పుస్తకం తెరిచి చూపించింది. పంపిన ప్రతి ఉత్తరానికీ అందులో ఒక కవరు బొమ్మ. అవతలివాళ్ళు చదవకపోతే కవరు మూసి ఉంటుంది. చదివితే తెరిచి ఉంటుంది. అలాంటి పుస్తకమొకటి ఉందని నాకు తెలీదు. నేను ఆ ఊళ్ళో ఎవరికీ ఎప్పుడూ ఉత్తరం రాసి ఉండలేదు.

మొదటి నాలుగు కవర్లూ తెరిచి ఉన్నాయి.

ఆవిడ చేతిలో కంట్రోలరు కదల్లేదు. మొహంలోకి ఏదో వచ్చింది. అదేమిటో చెప్పడం నా వల్ల కాదు. చీకటి లిఫ్టులో తలుపు సందు అంగుళం తెరిస్తే లోపలివాళ్ళ మొహం మీద వెలుగుగీత పడుతుంది చూడండి, నాకు తెలిసినంతలో అదీ.

"చదివింది," అంది. చాలా చిన్నగా, నాతో కాదు.

"నేనేనండీ. చిట్టి పేరుతో వెళ్ళి నేనే తెరిచాను," అన్నాను.

"తెలుసు," అంది తెర వైపే చూస్తూ. కాసేపయ్యాక, "ఒక్క నిమిషం ఆగి చెప్పుంటే బాగుండేది," అంది.

అందులో కోపం లేదు. తిట్టినా బాగుండేది. వెళ్ళిపోదామని సంచీ దగ్గరికి లాక్కున్నాను. ఆవిడే లేచి వంటింట్లోకి వెళ్ళింది. కొళాయి తిప్పిన చప్పుడైంది, ఆగింది. తిరిగొచ్చి కంట్రోలరు నా చేతిలో పెట్టింది.

"మిగతా ఆరూ చదవండి. నేను ఆ పిల్ల మొహం మీద నొక్కలేను. ఎన్నోసార్లు చూశాను, నా వల్ల కాలేదు. మీరు ఎలాగూ ఒకసారి నొక్కారు."

చదివాక ఇంకా బాధవుతుందేమోనన్నాను. "పైకే చదవండి," అంది.

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి వచ్చి తెర మీద పడుతోంది. ఆవిడ పరదా లాగి, నా వెనక కుర్చీలో కూర్చుంది. నేను చిట్టిగా ఊళ్ళోకి వెళ్ళాను. పెట్టె దగ్గర నిలబడి, కూడబలుక్కుంటూ, ఒక్కొక్కటే చదివాను. ఒకచోట మాట తప్పుగా పలికితే వెనకనుంచి సరిదిద్దింది. ఒక ఉత్తరంలో కింద ఇంటివాళ్ళ మీద చాడీలున్నాయి. అది చదువుతుంటే ఆవిడే కాస్త నవ్వింది. వాళ్ళు ఇప్పుడు లేరులెండి, ఖాళీ చేసి వెళ్ళిపోయారు అంది.

చివరిది ఇలా ఉంది: "ఇవాళ నీ కళ్ళజోడు పెట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఆ అద్దాలు నేను అరగదీసినవే. నాకన్నీ మసగ్గా, వంకరగా కనబడ్డాయి. తలుపు గడప తన్నుకున్నాను. నీకు మాత్రం అందులోంచే అన్నీ తిన్నగా కనిపించేవి కదా అనుకున్నాను. నేను కూడా."

చదవడం అయిపోయింది. పెట్టె మీద ఎర్ర దీపం ఆరిపోయింది. ఇన్నాళ్ళూ అది ఆరితే చాలనుకున్నాను. తీరా ఆరాక ఆ ఇల్లు నిజంగా ఖాళీ ఇల్లులా కనబడింది. వెనక్కి తిరిగి చూడడానికి ధైర్యం చాల్లేదు.

"పెట్టె ఖాళీ అయింది కదా," అంది ఆవిడ.

ఆ మాటకి నాకు భయం వేసింది. ఇక పది ఉత్తరాలకి చోటుంది. ఆవిడ కంట్రోలరు తీసుకుని, మళ్ళీ చిన్నత్తగా దిగి, పోస్టాఫీసు బల్ల దగ్గర కూర్చుంది. తెర మీద తెల్ల కాగితం వచ్చింది. పైన "ప్రియమైన చిట్టికి" అని యంత్రమే రాసి పెట్టింది. దాని కింద గీత వెలుగుతూ ఆరుతూ ఉంది. ఎంతసేపు చూసిందో నేను చెప్పలేను. ఒక్క అక్షరం కూడా నొక్కలేదు. వెనక్కి వచ్చేసి, తన బొమ్మ చేత మేకకి దణ్ణం పెట్టించి, మీట ఆపేసింది.

"తీసుకెళ్ళండి," అంది. "ఉంచుకుంటారో చెరిపేస్తారో మీ ఇష్టం. ఏం చేశారో నాకు మాత్రం చెప్పకండి."

నేను చెరపలేదు. వారం రోజులు ఆ సంచీ విప్పలేదు కూడా. ఇంట్లో మా ఆవిడ ఏమీ అడగలేదు. నా మొహం చూస్తేనే తెలిసిపోయుంటుంది. ఎనిమిదోరోజు, ఆవిడ ఎవరిదో జాకెట్టు చంకల దగ్గర విప్పి కుడుతుంటే, యంత్రం బిగించి లిఫ్టుగా ఊళ్ళోకి దిగాను. వంతెన దగ్గర చుక్కల కోడి ఎదురొచ్చింది.

"విన్నావా? మొన్న చిట్టి వచ్చింది!" అంది.

ఊళ్ళో ఎవరొచ్చి వెళ్ళినా అది మిగతావాళ్ళకి చెబుతుంది. దాని పనే అది. వచ్చింది ఎవరో నాకు తెలుసు. ఆ చేతులు నావే. తెర కింద రెండు జవాబులు వచ్చాయి, "అలాగా" అని ఒకటి, "ఏమంది?" అని ఒకటి. మొదటిది నొక్కి నా దారిన నేను పోవచ్చు. రెండోదే నొక్కాను.

"తొందరలో ఉంది. అందర్నీ అడిగానని చెప్పమంది," అంది కోడి.

కంట్రోలరు చాప మీద పెట్టి, లోపలికెళ్ళి, మా ఆవిడ పక్కన పీట మీద కూర్చున్నాను. ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాను. సూదిలో దారం ఎక్కించమని ఇచ్చింది. మూడుసార్లు గురి తప్పాక తనే తీసుకుని ఎక్కించుకుంది.

ఇప్పటికీ ఆడుతున్నాను. వేరే ఆటలు ఎక్కువ, ఆ ఊరికి వారానికోసారి. చిట్టి మొహం మీద మళ్ళీ నొక్కలేదు. అక్కడ వానలు పడి వాళ్ళిద్దరి ఇళ్ళ ముందూ కలుపు మొలిస్తే పీకుతాను. కోడి చెప్పిన మాట ఆవిడకి చేరవేయాలా వద్దా అని చాలా రోజులు నాలో నేను కొట్టుకున్నాను. అది యంత్రం మాటని ఆవిడకి నాకంటే బాగా తెలుసు. మేక మాట కూడా యంత్రం మాటే. దానికే కదా ఆవిడ అన్నీ వదిలేసింది.

కిందటి నెల ఆ భవనంలో నెలవారీ తనిఖీకి వెళ్ళాను. కింద తలుపు దగ్గర పని చేసుకుంటుంటే ఆవిడ దుకాణానికి వెళ్తూ లిఫ్టులోంచి దిగింది. నాలుగో అంతస్తు దగ్గర కీచుమంటోందని చెప్పింది, చూస్తానన్నాను. రెండడుగులు వేసి ఆగింది. చెప్పకండి అన్న మనిషి, తనే అడగడానికి మాట వెతుక్కుంటోందని అర్థమై, తల వంచుకుని నా పనిముట్లు సర్దుకుంటూ ఉండిపోయాను.

"అక్కడ వాన పడుతోందా?" అంది.

"పడుతోందండీ. వారం నుంచీ," అన్నాను.

తల ఊపి, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. నేను లిఫ్టుని నాలుగో అంతస్తుకి పంపి, మెట్లెక్కి వెళ్ళి, తలుపు పట్టాలకి గ్రీజు పెట్టాను.